చెలగాటం వెనుక వేట: అతిచురుకైన పిల్లికూనను ఇంట్లో శాంతపరచే విధానం

హైదరాబాదు ఉత్తర శివారులోని కుత్బుల్లాపూర్ ఒక తరం క్రితం వరకు పొలాలు, చెరువులు, జీడిమెట్ల పారిశ్రామికవాడ కలగలిసి ఉన్న ప్రాంతం. ఇక్కడి పురపాలక సంఘం 2007లో హైదరాబాదు మహానగర పాలక సంస్థలో విలీనమైంది. 2016 అక్టోబరు 11న మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడినప్పుడు కుత్బుల్లాపూర్ అందులో ఒక మండలమైంది. చింతల్, షాపూర్‌నగర్, సుచిత్ర, కొంపల్లి పరిసరాలలో అపార్టుమెంట్లు వరుసగా లేచాయి. ఈ మార్పుతోపాటు పిల్లి స్థానం కూడా మారింది. ధాన్యం గాదెల దగ్గర, పశువుల కొట్టాలలో, మేడ్చల్, శామీర్‌పేట వైపు కోళ్ళ షెడ్ల దాణా గదులలో ఎలుకలను పట్టి తన తిండి తానే సంపాదించుకున్న జంతువు ఇప్పుడు మూడో అంతస్తు ఫ్లాటులో, మూసిన తలుపుల వెనుక, గిన్నెలో పెట్టినది తిని బతుకుతున్నది. అయితే వేట కోసం రూపొందిన దాని శరీరం, నాడీమండలం మాత్రం ఏమీ మారలేదు.

ఈ అంతరం నుంచే ఒక సాధారణమైన ఫిర్యాదు పుడుతున్నది. పిల్లికూన పగలంతా నిద్రపోయి రాత్రి ఇల్లంతా పరుగులు తీస్తుంది, కర్టెన్లు ఎక్కుతుంది, దుప్పటి కింద కదిలే కాలివేళ్ళను కొరుకుతుంది, నడిచేవారి పాదాలపైకి మాటు వేసి దూకుతుంది. విస్తరణ శాస్త్రవేత్తలకు పాడి పశువులు, గొర్రెలు, కోళ్ళ గురించి వచ్చే ప్రశ్నల మధ్య ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని దీని పర్యవసానాలు చిన్నవి కావు. విసిగిపోయిన కుటుంబం కూనను ఏ మార్కెట్టు దగ్గరో వదిలివేస్తుంది. టీకాలు పూర్తికాని ఆ కూన వీధి పిల్లుల గుంపులో కలుస్తుంది, ఎక్కువ కాలం బతకదు. మరోవైపు, ఇంట్లో పిల్లవాడికి పడిన పంటిగాటును “ఆటలో తగిలింది” అని వదిలివేయడం వల్ల రేబిస్ ముప్పు దాగి ఉంటుంది. అందువలన ఈ విషయాన్ని ప్రవర్తనా శాస్త్రం, ప్రజారోగ్యం అనే రెండు కోణాల నుంచీ పరిశీలించవలసి ఉన్నది.

చురుకుదనం ఏ మేరకు సహజం?

పిల్లికూన కళ్ళు సాధారణంగా 7 నుంచి 10 రోజుల వయస్సులో తెరుచుకుంటాయి. నాలుగో వారం నుంచి తోబుట్టువులతో కుస్తీ, వెంటాడటం మొదలవుతాయి. ఏడు, ఎనిమిది వారాలకు కంటికీ కాలికీ పొందిక కుదిరి, కదిలే వస్తువులతో ఆట గణనీయంగా పెరుగుతుంది. తోబుట్టువులతో ఆడే ఆట మూడు నెలలు దాటిన తరువాత క్రమంగా తగ్గుతుంది. వస్తువులతో ఆట మాత్రం పెద్ద వయస్సులో కూడా మిగిలి ఉంటుంది. రెండున్నర నెలల నుంచి ఏడెనిమిది నెలల వరకు కూన ఉరుకులు పరుగులు పెట్టడం వ్యాధి కాదు. ఆ వయస్సులో కదలకుండా మూల కూర్చున్న కూన గురించే పశువైద్యుడు ఎక్కువగా ఆందోళన చెందుతాడు.

అయినప్పటికీ సలహా ఇచ్చే ముందు కొన్ని శారీరక కారణాలను తోసిపుచ్చాలి. ఒంటిపై ఫ్లీ అనే గెంతే పురుగులు, చెవిలో గజ్జి పురుగులు ఉంటే దురదకు తాళలేక కూన ఉన్నట్టుండి పరుగు తీస్తుంది. నట్టలు పట్టిన కూన ఎంత తిన్నా ఆకలితో అరుస్తుంది. వీపు చర్మం అలలుగా కదలడం, తన తోకను తానే కసిగా కొరుక్కోవడం కనిపిస్తే వైద్య పరీక్ష అవసరం. అంతవరకు నెమ్మదిగా ఉన్న పిల్లి కారణం లేకుండా మీదపడి కరవడం, గొంతు మారడం, చొంగ కార్చడం, నడక తూలడం వంటి లక్షణాలు చూపితే దానిని ఆటగా భావించరాదు. దానిని ఒక గదిలో వేరుచేసి వెంటనే పశువైద్యునికి తెలియజేయాలి.

చెలగాటం అంటే ఏమిటి?

“పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం” అన్న సామెతలో ఒక జీవశాస్త్ర సత్యం ఉన్నది. పిల్లి ఆటకూ వేటకూ వాడే చలనాలు ఒక్కటే: మాటు వేయడం, కనిపెట్టడం, పొట్ట నేలకానించి పాకడం, దూకడం, పట్టడం, కొరకడం. జర్మన్ జంతుప్రవర్తన శాస్త్రజ్ఞుడు పాల్ లైహాసెన్ పిల్లులను దీర్ఘకాలం పరిశీలించి, ఈ దశలలో ప్రతిదానికీ విడి ప్రేరణ ఉంటుందని ప్రతిపాదించాడు. కడుపు నిండినంత మాత్రాన దూకాలనే ప్రేరణ తీరదు. వీధిలో పిల్లి ఒక్క ఎలుక కోసం ఎన్నోసార్లు విఫల ప్రయత్నం చేయవలసి వస్తుంది గనుక, తినడం కంటే వెంటాడటానికే ఎక్కువ శక్తిని ఖర్చు చేసేలా దాని శరీరం రూపొందింది. గిన్నెలో సిద్ధంగా దొరికే ఆహారం ఆకలిని తీరుస్తుంది, మిగిలిన ప్రేరణలను అలాగే వదిలివేస్తుంది. ఇంట్లో కదిలే వస్తువులేవీ లేనప్పుడు ఆ ప్రేరణలకు లక్ష్యంగా మిగిలేవి మనుషుల పాదాలు, చేతులు మాత్రమే.

ఆకలికీ ఆటకూ ఉన్న సంబంధం విషయంలో గృహస్థులలో ఒక అపోహ ఉన్నది. కడుపునిండా పెడితే పడుకుంటుందని భావించి, అల్లరి మొదలైనప్పుడల్లా గిన్నె నింపుతారు. ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో హాల్, బ్రాడ్‌షా 1998లో ప్రచురించిన ప్రయోగాలలో, ఆకలిగా ఉన్న పిల్లులు బొమ్మలతో మరింత తీవ్రంగా ఆడాయి. పెద్ద బొమ్మలంటే భయం కూడా వాటిలో తగ్గింది. ఆకలి ఆటను పెంచుతుందన్న ఈ ఫలితం ఆహారానికి ముందు సమయమే ఆటకు అనుకూలమని సూచిస్తున్నది. అల్లరికి బదులుగా ఆహారం ఇస్తే మాత్రం, అల్లరి చేస్తే గిన్నె నిండుతుందని కూన నేర్చుకుంటుంది. ఆటాడించి, ఆ ఆట చివర ఆహారం పెడితే, వేట తరువాత తిండి, తిండి తరువాత ఒళ్ళు నాకుకోవడం, ఆపై నిద్ర అనే సహజ క్రమం పూర్తవుతుంది. కూనను శాంతపరచడంలో ఈ క్రమమే కీలకం. మిగిలిన సూచనలన్నీ దీనికి సహాయకాలు.

ఆ పరిశోధక బృందమే 2002లో మరొక విషయం వెల్లడించింది. ఒకే బొమ్మను వరుసగా మూడు సార్లు ఇస్తే పిల్లి ఆసక్తి బాగా తగ్గిపోయింది. అప్పుడు రంగు, వాసన వేరుగా ఉన్న బొమ్మను ఇవ్వగానే ఆట తిరిగి ఉద్ధృతమైంది. అంటే పిల్లి అలసిపోలేదు, ఆ బొమ్మపై మాత్రమే విసుగు చెందింది. నేలపై పది బొమ్మలు ఎప్పుడూ పడి ఉన్న ఇంట్లోనే కూన కాళ్ళు కొరకడానికి కారణం ఇదే. రెండు మూడు బొమ్మలు మాత్రమే బయట ఉంచి, మిగిలినవి డబ్బాలో దాచి, రోజుకొకటి మార్చాలి. ఖర్చు లేని ఈ సలహాను గృహస్థులు సులభంగా ఆచరిస్తారు కూడా.

బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 355 పిల్లులపై జరిపి 2021లో ప్రచురించిన అధ్యయనం ఆటకూ వేటకూ ఉన్న సంబంధాన్ని పెద్ద స్థాయిలో బలపరచింది. రోజుకు 5 నుంచి 10 నిమిషాలు యజమాని స్వయంగా ఆడించిన పిల్లులు ఇంటికి తెచ్చే వేట జంతువుల సంఖ్య 25 శాతం తగ్గింది. మాంసకృత్తులు అధికంగా గల మాంసాహారం ఇచ్చినప్పుడు 36 శాతం తగ్గింది. ఆ అధ్యయనం పెద్ద పిల్లులకు, బయట తిరిగే పిల్లులకు సంబంధించినది గనుక అంకెలను యథాతథంగా ఫ్లాటులోని కూనకు అన్వయించరాదు. కాని పది నిమిషాల ఆట ఒక ప్రేరణను నిజంగానే తీర్చగలదన్న సూత్రం ఇక్కడ కూడా వర్తిస్తుంది.

తల్లి నేర్పే పాఠం

కరిచే కూన చరిత్రలో తరచుగా కనిపించే అంశం తల్లి నుంచి ముందుగా విడిపోవడం. తోబుట్టువును గట్టిగా కొరికితే అది అరచి ఆట మానేస్తుంది, లేదా తిరిగి కొరుకుతుంది. తల్లి పంజాతో అదిమి ఆపుతుంది. పంటి బలం ఎంత వరకు వాడవచ్చో కూన ఈ విధంగా నేర్చుకుంటుంది. మనుషులతో చెలిమి కుదిరే సున్నిత దశ రెండో వారం నుంచి ఏడో వారం వరకు ఉంటుందని అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఐలీన్ కార్ష్ జరిపిన ప్రయోగాలు చూపాయి. కనుక ఆ దశలో కూనకు తల్లీ కావాలి, మనిషి స్పర్శా కావాలి. ఒకదాని కోసం మరొకదానిని వదలనవసరం లేదు. ఫిన్లండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయం దాదాపు 5,700 పిల్లుల వివరాలతో 2017లో ప్రచురించిన అధ్యయనంలో, 8 వారాలకు ముందే తల్లి నుంచి వేరైన పిల్లులలో దూకుడు ఎక్కువగా కనిపించింది. 14 వారాల వరకు తల్లి వద్ద ఉంచడం మేలని ఆ పరిశోధకులు సూచించారు.

మన ప్రాంతంలో కూనలు ముందుగా విడిపోవడానికి ఒక ప్రత్యేక కారణం ఉన్నది. పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందని తెలుగువారందరికీ తెలుసు. అయినా అపార్టుమెంటు సెల్లారులోనో, మెట్ల కిందనో ఒంటరిగా కనిపించిన కూనను చూసి తల్లి వదిలేసిందని జాలిపడి వెంటనే ఇంటికి తీసుకువస్తారు. నిజానికి తల్లి ఒక్కొక్క కూననే నోట కరచుకొని కొత్త చోటికి చేరవేస్తుంది. మధ్యలో తిండి కోసం వెళ్ళి గంటల తరబడి రాకపోవచ్చు. కూన వెచ్చగా, కడుపు నిండుగా, నిశ్శబ్దంగా ఉంటే దూరం నుంచి కొన్ని గంటలు కనిపెట్టడం మంచిది. ఒళ్ళు చల్లబడి, ఎడతెరిపి లేకుండా అరుస్తున్న కూనకు మాత్రం వెంటనే సహాయం అవసరం. జాలితో చేసిన తొందరపాటు నాలుగు వారాల కూనను పాఠశాలకు దూరం చేసినట్లవుతుంది. దాని ఫలితం మూడు నెలల తరువాత పాదాలపై గాట్ల రూపంలో బయటపడుతుంది.

ముందుగా విడిపోయిన కూనకు ఆ పాఠాన్ని ఇంటివారే నేర్పవలసి ఉంటుంది. మొదటి నియమం: చేతిని ఆటవస్తువుగా ఎన్నడూ చూపరాదు. ఆరు వారాల కూన వేలిని చప్పరించి కొరికితే ముచ్చటగా ఉంటుంది; అదే కూన ఆరు నెలలకు అదే వేలిని రక్తం వచ్చేలా కొరుకుతుంది. కూన కొరికినప్పుడు చేతిని లాగితే పారిపోయే ఎలుకలా కనిపించి పట్టు బిగుస్తుంది. చేతిని కదపకుండా వదులుగా ఉంచి, పట్టు సడలగానే తీసుకొని, మాట్లాడకుండా లేచి ఒకటి రెండు నిమిషాలు పక్క గదిలోకి వెళ్ళాలి. కొరికితే ఆట ఆగిపోతుందన్న సంగతి కూనకు ఈ విధంగా తెలుస్తుంది. తిరిగి వచ్చిన తరువాత పుల్లకు కట్టిన గుడ్డపీలికను అందించి ఆ పంటికి తగిన లక్ష్యం చూపాలి. ఇంట్లోని ప్రతి ఒక్కరూ ఇదే పాటించాలి. తల్లి ఒక విధంగా, పిల్లలు మరొక విధంగా ప్రవర్తిస్తే కూన ఏదీ నేర్చుకోదు. మరొక మార్గం ఒకే వయస్సు గల రెండు కూనలను కలిపి పెంచడం. ఖర్చు రెట్టింపవుతుంది గాని కుస్తీ వాటి మధ్యనే జరుగుతుంది.

కొట్టడం, మెడ పట్టి ఎత్తడం, ముఖాన నీళ్ళు చల్లడం గురించి గృహస్థులు తప్పక అడుగుతారు. దీనికి తెనాలి రామకృష్ణుని పిల్లి కథ మంచి ఉదాహరణ. మరిగే పాలతో ఒకసారి మూతి కాల్చుకున్న ఆ పిల్లి, తరువాత పాల గిన్నె కనిపిస్తే చాలు పారిపోయింది. శిక్ష పనిచేయలేదని కాదు, అవసరానికి మించి పనిచేసింది. అసలు మంచిదైన దానినే పిల్లి భయంతో విడిచిపెట్టింది. దెబ్బ తిన్న కూన కూడా “కొరకరాదు” అని నేర్చుకోదు. “ఈ చేయి ప్రమాదకరం” అని నేర్చుకుంటుంది. ఆ తరువాత అది ఆటలో కాక భయంతో కరుస్తుంది. భయంతో పడిన గాటు లోతైనది, దానిని మాన్పించడం కూడా కష్టం.

ఇంటి అమరిక, దినచర్య

ఉదాహరణకు సుచిత్ర ప్రాంతంలో రెండు పడకగదుల ఫ్లాటు, అందులో మూడున్నర నెలల ఒంటరి కూన, జీడిమెట్లలో షిఫ్టు డ్యూటీ చేసే భర్త, బడికి వెళ్ళే ఇద్దరు పిల్లలు, ఇంటిపని ముగిసి రాత్రి పది గంటలకు నడుం వాల్చే ఇల్లాలు ఉన్న కుటుంబాన్ని తీసుకోవచ్చు. పగలు ఎవరూ పలకరించని కూన నిద్రపోతుంది. పిల్లి స్వభావతః తెల్లవారుజామున, సంధ్యవేళ చురుకుగా ఉండే జంతువు. ఇంట్లో దీపాలు ఆరిన తరువాత దాని రోజు మొదలవుతుంది. ఈ ఇంటికి ఇచ్చే సలహా పిల్లికి ఎంత అనుకూలమో, ఆ ఇల్లాలి పనివేళలకు కూడా అంతే అనుకూలంగా ఉండాలి. లేకుంటే మూడో రోజుకే ఆగిపోతుంది.

ఈ వయస్సు కూనకు రోజుకు నాలుగుసార్లు, నాలుగు నెలలు దాటిన తరువాత ఆరు నెలల వరకు మూడుసార్లు ఆహారం అవసరం. కొత్తగా సమయం కేటాయించనవసరం లేకుండా, ఈ ఆహార వేళలకు ముందే ఆటను జతచేయవచ్చు. ఉదయం పిల్లలు బడికి వెళ్ళకముందు ఒకరు ఐదు నిమిషాలు, సాయంత్రం వారు తిరిగి వచ్చిన తరువాత పది నిమిషాలు, రాత్రి పడుకునే ముందు పెద్దవారు పది నిమిషాలు ఆడించాలి. వీటిలో రాత్రి ఆట అతి ముఖ్యం. గుడ్డపీలికను కూన ముఖం మీదికి ఊపరాదు; ఎలుక ఎన్నడూ పిల్లి మీదికి రాదు. పీలిక కూన నుంచి దూరంగా, గోడ వెంట, తలుపు చాటుకు ఆగి ఆగి కదలాలి. కూన మాటు వేసి చూస్తున్న క్షణాలు కూడా ఆటలో భాగమే, తొందరపెట్టరాదు. మధ్య మధ్య దానికి పట్టు దొరకనివ్వాలి. చివరి రెండు నిమిషాలలో కదలికను నెమ్మదింపజేసి, అలసిన ఎలుకలా పీలికను ఆపి, కూన దానిని పట్టుకోగానే ఆహారం పెట్టాలి. లేజరు కాంతితో ఆడించడం ఇటీవల వాడుకలోకి వచ్చింది. అందులో పట్టుకోవడానికి ఏమీ ఉండదు గనుక వేట అసంపూర్తిగా మిగిలి కూన మరింత ఉద్రేకపడవచ్చు. తప్పనిసరి అయితే కాంతిని చివరకు ఒక బొమ్మపై ఆపి ముగించాలి.

పగటి ఒంటరితనానికి ఇంట్లో దొరికే వస్తువులే చాలు. కోళ్ళ పరిశ్రమకు పేరుపొందిన ఈ ప్రాంతంలో 30 గుడ్ల ట్రే ప్రతి కిరాణా కొట్టులో కనిపిస్తుంది. ప్లాస్టిక్ ట్రేను సబ్బునీటితో కడిగి ఆరబెట్టి, గుంటలలో అక్కడక్కడా పొడి ఆహారపు గింజలు వేసి, పైన కాగితపు ఉండలు కప్పితే, కూన ఒక్కొక్క గింజను పంజాతో వెదికి తీసుకుంటుంది. కోడి రెట్ట అంటిన కాగితపు ట్రేలను సాల్మొనెల్లా భయం వల్ల వాడరాదు. గట్టి కర్రకు గోనెపట్టా గాని, కొబ్బరితాడు గాని బిగించి నిలబెడితే గోళ్ళు గీరుకోవడానికి స్తంభం తయారవుతుంది. కూన వెనుక కాళ్ళపై నిలబడి ఒళ్ళు పూర్తిగా సాగదీయగలిగేంత ఎత్తు ఉండాలి, ఊగరాదు. పడుకునే చోటి పక్కన పెడితే లేచిన వెంటనే వాడుకుంటుంది. కిటికీ పక్కన ఎక్కడానికి ఒక అర, సజ్జ పైకి చేరడానికి ఒక మెట్టు ఏర్పాటు చేస్తే, రెండు పడకగదుల ఇల్లు కూనకు రెండింతలవుతుంది.

బాల్కనీ విషయంలో నిర్లక్ష్యం తగదు. పిల్లి ఎంత ఎత్తు నుంచి పడినా నాలుగు కాళ్ళపై నిలుస్తుందన్న నమ్మకం ప్రమాదకరమైనది. న్యూయార్క్‌లోని ఒక పశువైద్యశాలకు ఎత్తైన భవనాల నుంచి పడి వచ్చిన 132 పిల్లుల వివరాలను 1987లో ప్రచురించారు. వాటిలో 90 శాతం బతికాయి. కాని ఛాతీ గాయాలు, దవడ, కాళ్ళ ఎముకలు విరగడం సర్వసాధారణంగా కనిపించాయి. పావురాల కోసం కట్టే నైలాను వలను ఎదిగే కూన కొరికి తెంపగలదు, కనుక అంచులను తరచుగా పరీక్షించాలి.

దారంతో ఆట గురించి ఒక హెచ్చరిక అవసరం. పిల్లి నాలుకపై ముళ్ళు లోపలికి వంగి ఉంటాయి గనుక నోటికి చిక్కిన దారాన్ని అది ఉమ్మివేయలేదు, మింగుతూనే పోతుంది. మింగిన దారం పేగులను ముడుచుకుపోయేలా చేసి కోస్తుంది. సంక్రాంతి రోజులలో మేడలపై, బాల్కనీలలో తెగిపడే మాంజా దారం ఈ కారణంగా మరీ అపాయకరం. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నైలాను మాంజాను దేశవ్యాప్తంగా నిషేధించినా అది ఇంకా వాడుకలో కనిపిస్తున్నది. నోటి నుంచి గాని మలద్వారం నుంచి గాని దారం వేలాడుతుంటే లాగరాదు, కత్తిరించరాదు. అలాగే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఆట ముగిసిన వెంటనే పీలిక కట్టిన పుల్లను అలమారలో పెట్టడం అలవాటు చేసుకోవాలి.

రాత్రి నాలుగు గంటలకు కూన తలుపు గీరినప్పుడు ఏం చేయాలన్నది కుటుంబాలకు అత్యంత కఠినమైన పరీక్ష. లేచి ఆహారం పెట్టినా, కసిరినా, ఎత్తుకున్నా కూనకు కావలసిన పలకరింపు దొరికినట్లే. ఆహారం, నీరు, ఇసుక ట్రే, వెచ్చని పడక ఉన్నాయని, బాధ ఏదీ లేదని ముందే నిర్ధారించుకుని, ఆపై స్పందించకుండా ఉండాలి. ఇలా చేసిన మొదటి కొద్ది రాత్రులు అల్లరి తగ్గకపోగా పెరుగుతుంది. ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ అన్నట్లు, ప్రతిఫలం ఆగిన ప్రవర్తన అంతరించే ముందు ఒకసారి ఉధృతమవుతుంది. చాలా కుటుంబాలు సరిగ్గా ఈ దశలోనే ఓపిక కోల్పోయి లేస్తాయి. అప్పుడు కూన మరింత గట్టిగా గీరితేనే ఫలితం ఉంటుందని నేర్చుకుంటుంది. ఈ సంగతిని ముందుగానే చెప్పని సలహా అసంపూర్ణం. పాలిచ్చే తల్లి అవసరం ఉన్న చిన్న కూనలకు, అనారోగ్యంతో ఉన్నవాటికి ఈ పద్ధతి వర్తించదు.

ఆహారం, మందులు

పాలన్నం, పెరుగన్నం మన ఇళ్ళలో పిల్లికి సంప్రదాయ ఆహారం. గాదె దగ్గర ఎలుకలు పట్టిన పిల్లికి అది చిరుతిండి మాత్రమే. ఫ్లాటులోని కూనకు అదే పూర్తి ఆహారమైతే లోపాలు తప్పవు. పిల్లి మాంసాహారంపైనే ఆధారపడిన జంతువు. టారిన్ అనే పోషకాన్ని తగినంతగా తన శరీరంలో తయారుచేసుకోలేదు. దాని లోపం గుండె కండరాన్ని బలహీనపరుస్తుందని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 1987లో నిరూపించారు. తల్లిపాలు మానిన కూనలలో ఆవుపాలు విరేచనాలకు దారితీయవచ్చు. అర్ధాకలితో ఉన్న కూన అశాంతిగా ఉండటంలో ఆశ్చర్యం లేదు. కూనల కోసం తయారైన సమతుల్య ఆహారానికి తోడుగా ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం, గుడ్డు ఇవ్వవచ్చు. కోళ్ళ దుకాణాల పచ్చి వ్యర్థాలు పెట్టరాదు. 2025 ఆరంభంలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లులలో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ బయటపడిన తరువాత ఈ జాగ్రత్త మరింత అవసరమైంది.

కూనను “పడుకోబెట్టే” మందు ఏదైనా ఉందా అని అడిగేవారు ఉంటారు. పిల్లల దగ్గు మందులు, మనుషుల నిద్రమాత్రలు ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వరాదు. పారాసిటమాల్‌ను విరిచి నిర్వీర్యం చేసే శక్తి పిల్లి కాలేయానికి లేదు. మనిషికి మామూలైన ఒక్క మాత్ర పిల్లిని చంపగలదు. కుక్కల కోసం వాడే పెర్మెత్రిన్ గల పురుగుల మందులు కూడా పిల్లికి విషమే. వ్యవసాయ విద్యార్థులకు ఆసక్తి కలిగించే విషయం మరొకటి ఉన్నది. పొలం గట్లపై, ఖాళీ స్థలాలలో కలుపుగా పెరిగే కుప్పింటాకు మొక్క వేరును పీకగానే పిల్లులు దాని చుట్టూ చేరి, నమిలి, చొంగ కార్చి, నేలపై పొర్లుతాయి. విదేశాలలో క్యాట్‌నిప్ అనే మొక్క చూపే ప్రభావం వంటిదే ఇది. ఇది మత్తుమందు కాదు, ముందుగా ఉద్రేకపరచేది. ఆ మొక్కలో సైనైడును విడుదల చేయగల పదార్థం కూడా ఉన్నది. కనుక కూనలకు వాడమని సిఫారసు చేయరాదు.

నాలుగైదు నెలల వయస్సులో సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయిస్తే ఎదకు వచ్చినప్పటి అరుపులు, మగపిల్లి మూత్రం చిమ్మడం, ఇల్లు విడిచి తిరగడం తగ్గుతాయి. ఆట తగ్గుతుందని మాత్రం హామీ ఇవ్వరాదు.

గాటు, గీత: ఉపేక్షించరానివి

పిల్లికూన గాటు సూదిపోటులా పైకి చిన్నదిగా, లోపల లోతుగా ఉంటుంది. పైచర్మం త్వరగా మూసుకుపోయి క్రిములు లోపలే నిలుస్తాయి. వాపు, ఎర్రదనం, జ్వరం వస్తే వైద్యుని చూడాలి. ఫ్లీలు ఉన్న కూనల గోటి గీతల ద్వారా బార్టొనెల్లా అనే బాక్టీరియా సోకి గ్రంథుల వాపు రావచ్చు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది రేబిస్. కుక్క కరిస్తే పరుగెత్తే కుటుంబం పిల్లి గీరితే పసుపు అద్ది ఊరుకుంటుంది. వీధి నుంచి తెచ్చిన, టీకా చరిత్ర తెలియని కూన విషయంలో ఇది పెద్ద పొరపాటు. గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. సున్నం, కారం, పసుపు, ఆకు పసర్లు పూయరాదు. రక్తం రాని చిన్న గీత, చర్మంపై పంటి నొక్కు రెండో తరగతి గాయం. దానికి టీకా అవసరం. చర్మం చీలి రక్తం వచ్చిన గాటు మూడో తరగతి. టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇవ్వాలి. చర్మంలోకి ఇచ్చే టీకా 0, 3, 7, 28 రోజులలో నాలుగుసార్లు పడుతుంది. కరిచిన పిల్లిని 10 రోజులు గమనించాలన్న నియమం ఉన్నది గాని, ఆ గమనింపు ముగిసే వరకు టీకా ఆపరాదు. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా చాలాకాలంగా లభిస్తున్నది. ప్రభుత్వ ఆసుపత్రులలో కూడా దొరుకుతుంది.

కూనకు 6 నుంచి 8 వారాల వయస్సులో పాన్‌ల్యూకోపీనియా తదితర వ్యాధుల టీకా మొదలుపెట్టి, 16 వారాల వరకు మూడు నాలుగు వారాలకొకసారి తిరిగి వేయించాలి. 12 వారాలు నిండిన తరువాత రేబిస్ టీకా, ఆపై ఏటా పునరావృతం అవసరం. నట్టల నివారణ మందును రెండు నెలల వరకు రెండు వారాలకొకసారి, తరువాత ఆరు నెలల వరకు నెలకొకసారి ఇవ్వాలి.

విస్తరణ శాస్త్రవేత్త అడగవలసినవి

సలహా కోసం వచ్చిన కుటుంబాన్ని “పిల్లి అల్లరి చేస్తుందా?” అని అడిగితే అవుననే సమాధానం తప్ప మరేమీ లభించదు. “అమ్మా, రాత్రి చివరిసారి ఎన్ని గంటలకు పెడుతున్నారు? పెట్టే ముందు ఎవరైనా ఆడిస్తున్నారా? చేత్తోనా, పుల్లతోనా? ఇంటికి తెచ్చినప్పుడు ఎన్ని వారాల పిల్ల? పాపకు గీతలేమైనా పడ్డాయా?” అన్న ప్రశ్నలు అసలు కారణాన్ని బయటకు తెస్తాయి. చివరి ప్రశ్నకు అవునని సమాధానం వస్తే మిగిలిన సంభాషణను ఆపి, ముందుగా టీకా విషయం తేల్చాలి.

కుటుంబం చేత 14 రోజుల పట్టిక రాయించడం ఉపయోగకరం. ఆట వేళ, ఎన్ని నిమిషాలు, ఆహారం వేళ, రాత్రి ఎన్నిసార్లు లేపింది, ఎవరిని ఏ సందర్భంలో కొరికింది అనే ఐదు గడులు చాలు. క్యాలెండరు వెనుక రాసినా సరిపోతుంది. మొదటి నాలుగు రోజులు ఏ మార్పూ చేయకుండా ఉన్నది ఉన్నట్లు నమోదు చేయిస్తే, తరువాతి పది రోజులను దానితో పోల్చవచ్చు. ఐదు నుంచి ఎనిమిదో రోజు వరకు రాత్రి అల్లరి పెరిగి, ఆ తరువాత తగ్గితే ప్రతిఫలం ఆగిన ప్రభావమని భావించాలి. విద్యార్థులు తమ క్షేత్ర శిక్షణలో మూడు నాలుగు ఇళ్ళలో ఈ పట్టికను నింపించి చూస్తే, గాట్లు ఏ వేళలలో, ఎవరి చేతులపై ఎక్కువగా పడుతున్నాయో స్వయంగా తెలుసుకోగలరు.

మూడు నాలుగు వారాలు శ్రద్ధగా పాటించినా రక్తం వచ్చే గాట్లు తగ్గకపోతే, లేదా కూన ఆటకు కాక మనిషిని చూడగానే చెవులు వెనక్కి అణచి, బుసకొట్టి మీదపడుతుంటే, ఆ కేసును పశువైద్యునికి పంపాలి. రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల, నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల ఇందుకు అందుబాటులో ఉన్నాయి. కూనను బుట్టలోగాని, గాలి ఆడే పెట్టెలోగాని ఉంచి, పై భాగం గుడ్డతో కప్పి తీసుకువెళ్ళాలి. చేతిలో పట్టుకుని బండిపై తీసుకురావద్దని కుటుంబానికి స్పష్టంగా చెప్పాలి. 14 రోజుల పట్టికను, వీలైతే రాత్రి పరుగులను ఫోనులో తీసిన వీడియోను వెంట పంపాలి. పరీక్ష బల్లపై భయంతో బిగుసుకుపోయిన కూనను చూసి దాని ఇంటి ప్రవర్తనను అంచనా వేయడం ఎంతటి వైద్యునికైనా కష్టమే.